క్యాసినో నైట్ చివర్లో ప్యామ్ ఏం చెప్పబోయింది? (ది ఆఫీస్, అమెరికా, సీజన్ 2)

నీలాంబరి_టీవీ
సీజన్ 2 ఆఖరి ఎపిసోడ్ క్యాసినో నైట్ మీద నాదో అభ్యంతరం. ఆఫీసు క్యాసినో పార్టీ రాత్రి, రాయ్‌తో పెళ్ళి కుదిరిన ప్యామ్‌కి తోటి ఉద్యోగి జిమ్ పార్కింగ్‌లో తన మనసులో మాట చెప్పేశాడు. ప్యామ్ కుదరదంది. అతను కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. తర్వాత చీకటి ఆఫీసులో ప్యామ్ వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతూ "అవుననే అనుకుంటున్నా" అని, ఇక ఉంటానని పెట్టేసింది. జిమ్ వచ్చాడు. "జిమ్, చూడు..." అని ఆమె ఏదో మొదలుపెట్టింది. అతను ముద్దు పెట్టాడు, ఆమె కూడా పెట్టింది. ఎపిసోడ్ అయిపోయింది.

అందరూ దీన్ని "ప్యామ్ ఒప్పేసుకుంది" అని ఖాతాలో వేసేస్తున్నారు. మరి ఆ సగం మాట సంగతేంటి? నా లెక్కలో ఆమె రెండోసారి కాదని చెప్పబోయింది. ముద్దు ఆ మాటకి అడ్డుపడింది, అంతే.

జెల్లో_స్టేప్లర్
కాదని చెప్పబోయేవాళ్ళు రెండు చేతులూ వేసి ముద్దు పెట్టరు.

మండపేట_మామ
నీలాంబరి గారూ, ఫోన్ కాల్ వదిలేసి ముద్దు పట్టుకున్నారు మీరు. అసలు మలుపు ఫోన్లో ఉంది. తల్లి అడిగిన ప్రశ్న మనకి వినపడదు. "నువ్వు అతన్ని ప్రేమిస్తున్నావా" అని అడిగి ఉంటుంది, "అవుననే అనుకుంటున్నా" అని ఈ పిల్ల చెప్పింది. ఇంకేం కావాలండీ?

ఓరుగల్లు_పోరడు
మామా, గా ప్రశ్న నువ్వు రాసినవ్, షో రాయలే. "అయినా రాయ్‌నే చేసుకుంటవా" అని అడిగినా గదే జవాబు అచ్చంగ సరిపోతది. అట్ల చూస్తే ఫోన్ల తేల్చుకున్నది పెండ్లి గురించి. అప్పుడు "జిమ్, చూడు" తర్వాత వచ్చేది ఏందో నీకే తెలుసు.

నీలాంబరి_టీవీ
@ఓరుగల్లు_పోరడు ఇదే నేను చెప్పేది. రెండు ప్రశ్నల్లో ఏదైనా ఇముడుతుంది. కావాలనే అలా ఖాళీ వదిలారు.

రిసెప్షన్_బల్ల
ఖాళీ వదిలారు, నిజమే. కానీ రెండు వైపులా సమానంగా మాత్రం వదల్లేదు. ఫోన్లో మనకి వినపడే ముక్కలు ఏ వరసలో వస్తాయో చూడండి. మొదట ఏమో తెలీదమ్మా అంటుంది. తర్వాత అతను నా బెస్ట్ ఫ్రెండ్ అంటుంది. తర్వాత అవును, చాలా మంచివాడు అంటుంది. ఆ తర్వాతే "అవుననే అనుకుంటున్నా". ముందు మూడు వాక్యాలూ జిమ్ గురించే. రాయ్‌ని ఎవరూ బెస్ట్ ఫ్రెండ్ అనరు, ప్యామ్ అసలే అనదు. మూడు జవాబులు జిమ్ గురించి చెప్పించుకున్న తల్లి నాలుగో ప్రశ్నలో హఠాత్తుగా రాయ్ మీదకి దూకిందంటే, దూకొచ్చు, తల్లులు దూకుతారు. కానీ సంభాషణ దిక్కు అటు లేదు.

పైగా ఈ తల్లికి జిమ్ సంగతి ఆ రాత్రే తెలిసింది కాదు. అదే సీజన్ రెండో ఎపిసోడ్, సెక్సువల్ హెరాస్‌మెంట్, గుర్తు తెచ్చుకోండి. ఆవిడ ఆఫీసుకొచ్చి కూతురి చెవిలో "వీళ్ళలో జిమ్ ఎవరు" అని అడుగుతుంది. ప్యామ్ సిగ్గుతో చచ్చిపోతుంది. అంటే ఇంట్లో ఈ పేరు ఎప్పటినుంచో నలుగుతోంది. ఇరవై ఎపిసోడ్ల ముందు వేసిన విత్తనం అది. అర్ధరాత్రి ఫోన్ చేసి "జిమ్ ఇలా అన్నాడు" అని కూతురు చెప్తే ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఏదై ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఇంకోటి. ప్యామ్ రిసెప్షనిస్టు. ఆమె బల్ల మీద ఆమె ఫోన్ ఉంది. అయినా జిమ్ బల్ల దగ్గర నిలబడి, జిమ్ ఫోన్లోంచి మాట్లాడుతుంది. నాలుగడుగులు ఎక్కువ నడిచి మరీ.

జెల్లో_స్టేప్లర్
జిమ్ ఎక్స్‌టెన్షన్ మీద బిల్లు పడాలని.

కాకినాడ_కాజా
@రిసెప్షన్_బల్ల ఆ ఫోన్ సంగతి నిజం. ప్రాక్టికల్‌గా చూసినా, ఆ బల్ల దగ్గర ఉంటేనే జిమ్ తలుపు తీసుకుని నేరుగా ఆమె దగ్గరికి నడిచే షాట్ కుదురుతుంది. రిసెప్షన్ వెనక ఉంటే మధ్యలో ఎత్తైన కౌంటర్ అడ్డం. కౌంటర్ మీంచి వంగి ముద్దంటే అది వేరే కామెడీ అయిపోయేది.

స్టామ్‌ఫర్డ్_బస్సు
మీరందరూ సీజన్ 2 దగ్గరే ఆగి కొట్టుకుంటున్నారు. జవాబు సీజన్ 3 మొదటి ఎపిసోడ్‌లో చూపించేశారు. క్యాసినో నైట్ వచ్చింది 2006 మే 11న. ఆ సెప్టెంబరు 21న వచ్చిన ఎపిసోడ్‌లో ముద్దు తర్వాత ఏమైందో ఫ్లాష్‌బ్యాక్‌గా వస్తుంది. ఇలా ముద్దు పెట్టాలని ఎన్నాళ్ళుగా అనుకుంటున్నానో నీకు తెలీదు అంటాడు జిమ్. నేనూ అంతే అంటుంది ప్యామ్. వెంటనే, మనం తాగి ఉన్నాం అనుకుంటా అని జారుకోబోతుంది. నేను తాగలేదు, నువ్వు తాగావా? లేదు. అతను మళ్ళీ దగ్గరికొస్తే ఆపుతుంది. నిజంగానే అతన్ని పెళ్ళి చేసుకుంటున్నావా అని అడుగుతాడు. తలూపుతుంది. సరే అని చేతులు వదిలేసి వెళ్ళిపోతాడు.

కాబట్టి నీలాంబరి గారిదీ రైటే, మండపేట మామదీ రైటే. ప్రేమకి అవును, పెళ్ళి ఆపడానికి కాదు. రెండూ ఒకే నిమిషంలో.

మోడరేటర్_గుమ్మం
సీజన్ 3 విషయాలు వచ్చేశాయి కాబట్టి, షో మొత్తం చూడనివాళ్ళు ఇక్కడితో ఆగండి. తర్వాత ఫిర్యాదులు చెయ్యొద్దు.

ఓరుగల్లు_పోరడు
తలకాయ ఊపింది గద. గట్లుంటే ఫోన్ల చెప్పింది కూడ పెండ్లి గురించే అని నా మాట ఇంకింత గట్టిబడ్డది.

రిసెప్షన్_బల్ల
@ఓరుగల్లు_పోరడు తలూపింది జిమ్ అడిగినదానికి, అమ్మ అడిగినదానికి కాదు తమ్ముడూ. రెండు వేరు వేరు ప్రశ్నలు, రెండు వేరు వేరు జవాబులు. ప్రేమిస్తున్నానని అమ్మకి ఒప్పుకున్న మనిషే రెండు నిమిషాల్లో రాయ్‌ని చేసుకుంటానని తలూపగలదు. ఆ సీజన్ అంతా ప్యామ్ అంటే అదే కదా.

హేమంత_గాలి
ఎవరూ జిమ్ తప్పు అనరేంటి? పెళ్ళి జూన్ 10న అని బూజ్ క్రూజ్ ఎపిసోడ్‌లోనే, అంటే జనవరిలోనే ఖాయమైంది. ఏర్పాట్లు జరుగుతున్నాయి, ఆ రోజు పొద్దున్న పెళ్ళికి బ్యాండు వెతుకుతూ టేపులు కూడా చూస్తోంది. పెళ్ళి నెల రోజుల్లో పెట్టుకుని ఉన్న అమ్మాయిని రాత్రిపూట పార్కింగ్‌లో ఆపి, ముందూ వెనకా లేకుండా నిన్ను ప్రేమిస్తున్నానంటాడు. అదీ ఎలాంటి పరిస్థితిలో? అప్పటికే పై అధికారి జ్యాన్‌తో మాట్లాడి స్టామ్‌ఫర్డ్ బ్రాంచికి బదిలీ అడిగేశాడు. ఆ సంగతి ప్యామ్‌కి చెప్పాడా? లేదు. తను వెళ్ళిపోతున్నాడన్న ముఖ్యమైన ముక్క దాచిపెట్టి ఆమెను నిర్ణయం తీసుకోమన్నాడు. తెలిసుంటే ఆమె జవాబు ఇంకోలా ఉండేదేమో.

మండపేట_మామ
బదిలీ చెప్పి ఉంటే అది బెదిరింపు అయ్యుండేదమ్మా. "ఒప్పుకుంటే ఉంటా, లేకపోతే పోతా" అన్నట్టు. చెప్పకపోవడమే మర్యాద.

హేమంత_గాలి
మర్యాద అయితే చెప్పి వెళ్తారు. చెప్పకుండా స్టామ్‌ఫర్డ్ బస్సెక్కరు.

స్టామ్‌ఫర్డ్_బస్సు
నన్ను మధ్యలోకి లాగొద్దు.

కాకినాడ_కాజా
హేమంత గారి పాయింటుకి ఒక చేర్పు. పార్కింగ్‌లో జిమ్‌ని ప్యామ్ దగ్గరికి తోసింది జ్యాన్. ఆవిడ కారు దగ్గర నిలబడి, ఎవరికైనా చెప్పావా అని అడుగుతుంది, లేదంటాడు, చెప్పొద్దా మరి అంటుంది. ఆవిడ అడిగింది బదిలీ గురించి. ఇతను అట్నుంచి అటే వెళ్ళి చెప్పింది ప్రేమ గురించి. చెప్పాల్సింది ఒకటి, చెప్పింది ఒకటి. ఆ ఎపిసోడ్ రాసింది ఆఫీసు బాసు మైకేల్ వేషం వేసిన స్టీవ్ కరెల్. ఇంత పొదుపుగా అల్లాడంటే దణ్ణం పెట్టాలి.

అంతకు కాస్త ముందే రాయ్ ఇంటికెళ్ళిపోతూ ప్యామ్‌ని ఓ కంట కనిపెట్టమని జిమ్‌కే అప్పగిస్తాడు. అలాగే అంటాడు జిమ్. కనిపెట్టాడు!

ఓరుగల్లు_పోరడు
గిది మాత్రం రాయ్‌కి అన్యాయం. ఎవ్వడూ రాయ్ దిక్కు నుంచి చూడడు.

జెల్లో_స్టేప్లర్
నిశ్చితార్థం చేసుకుని మూడేళ్ళ దాకా తారీఖు పెట్టనివాడి దిక్కు నుంచా? చూశాం, అక్కడ ఏం కనపడలేదు.

తెర_వెనక_తీగ
కెమెరా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ షోలో పాత్రలకి తమని డాక్యుమెంటరీ వాళ్ళు తీస్తున్నారని తెలుసు. వెనక సంగీతం ఉండదు, నవ్వుల ట్రాక్ ఉండదు. అంటే ప్రేక్షకుడికి ఇది సంతోషమా విషాదమా అని చెప్పేవాడు ఎవడూ లేడు. మామూలు సిట్‌కామ్‌లో అయితే ఆ ముద్దుకి పాట ఎత్తుకునేవారు, మన చర్చ మొదటి పోస్టుకే ముగిసేది.

సీజన్ 2 మొదటి ఎపిసోడ్ ద డండీస్ తీయండి, 2005 సెప్టెంబరు 20. అక్కడ కూడా పార్కింగే, చిల్లీస్ రెస్టారెంటు బయట. లోపల తాగిన ఊపులో అవార్డు గెలిచి ప్యామ్ జిమ్‌కి ముద్దు పెట్టేసింది. బయటికొచ్చాక నిన్నో ప్రశ్న అడగనా అంటుంది. అడుగు అంటాడు. ఆమె పక్కకి చూస్తుంది, కెమెరా కనిపిస్తుంది. "థ్యాంక్స్ చెబుదామని" అనేస్తుంది. అది ప్రశ్న కాదే అంటాడు. సీజన్ అలా మొదలై, ఇంకో పార్కింగ్ రాత్రితో ముగుస్తుంది. తాగిన ముద్దుతో మొదలైంది, తాగని ముద్దుతో అయిపోయింది. సీజన్ 3 ఫ్లాష్‌బ్యాక్‌లో "తాగావా, లేదు" అన్న ముక్క ఊరికే పెట్టలేదు. డండీస్ సాకు ఈసారి చెల్లదని ప్యామ్ నోటితోనే చెప్పించారు.

క్యాసినో నైట్ తీసింది కెన్ క్వాపిస్. పైలట్ ఎపిసోడ్ తీసిందీ ఆయనే. ఈ జంట చూపుల లెక్క మొదటినుంచి తెలిసిన మనిషి.

పులిహోర_పొట్లం
ఒక డౌటు. పార్కింగ్‌లో కెమెరా దూరంగా ఉన్నా గుసగుస కూడా స్పష్టంగా వినిపిస్తుంది కదా, ఎలా?

తెర_వెనక_తీగ
@పులిహోర_పొట్లం ఒంటి మీద చిన్న మైకులు ఉంటాయి, కథలోనే. డాక్యుమెంటరీ వాళ్ళు పెట్టినవి. కెమెరా కనపడకపోయినా మాట పట్టేస్తాయి. బ్రిటన్ మూల షోలో ఇదే అస్త్రాన్ని తిప్పి వాడారు. 2002లో వచ్చిన రెండో సిరీస్ ఆఖరి ఎపిసోడ్‌లో టిమ్, డాన్‌తో మాట్లాడ్డానికి గదిలోకెళ్ళి తన మైకు తీసేస్తాడు. అద్దంలోంచి బొమ్మ కనిపిస్తుంది, మాట లేదు. బయటికొచ్చి మైకు పెట్టుకుని, ఆమె కాదంది అని మాత్రం చెప్తాడు. అక్కడ మాటలు దాచి జవాబు చెప్పారు. ఇక్కడ మాటలన్నీ వినిపించి జవాబు దాచారు.

ఇంకో తేడా కూడా ఉంది. అక్కడ ఊరు వదిలి వెళ్ళేది డాన్, కాబోయేవాడితో అమెరికాకి. ఇక్కడ వెళ్ళేది జిమ్. వెళ్ళేవాడే ప్రేమ చెప్పడంతో నింద పడే చోటు మారిపోయింది. హేమంత గారి కోపానికి మూలం అదే.

హేమంత_గాలి
నా కోపానికి మూలం జిమ్. కానీ పోలిక బావుంది.

బెజవాడ_ప్రశ్నార్థకం
ఇందాకటినుంచి అందరూ ప్యామ్ జవాబు గురించే తన్నుకుంటున్నారు. జిమ్ ఏం అడిగాడో చూశారా? పార్కింగ్ సీన్ ఒక్కసారి మాట మాటా విడదీయండి. నిన్ను ప్రేమిస్తున్నాను అంటాడు. ఇది వినడానికి ఇబ్బందిగా ఉంటే సారీ, కానీ నువ్వు వినాలి అంటాడు. సమయం బాలేదు, తెలుసు అంటాడు. నన్నేం అనమంటావు అని ప్యామ్ నేరుగా అడుగుతుంది. నీకు తెలియాలని, ఒక్కసారి, అంతే అంటాడు. స్నేహం గురించి ఆమె ఎత్తుకోబోతే అది వద్దు, అంతకంటే ఎక్కువ కావాలి అంటాడు.

ఇన్ని మాటల్లో ఒక్క ప్రశ్న లేదు. "రాయ్‌ని వదిలి నాతో వస్తావా" లేదు, "నీకూ ఇష్టమేనా" కూడా లేదు. ఏం అనమంటావు అని ఆ పిల్ల తలుపు తీసి మరీ అడిగితే, ఏమీ అక్కర్లేదు తెలుసుకుంటే చాలన్నాడు. జవాబు అడగనివాడికి జవాబు ఏం చెప్తుంది? కుదరదంది. ఏం కుదరదో కూడా తేలదు, ఎందుకంటే ఏం కావాలో అతను అడగలేదు.

ఇక ఆ రాత్రి మొత్తంలో జిమ్ ఈ విషయంలో అడిగిన అసలు ప్రశ్న ఒకటే, స్టామ్‌ఫర్డ్_బస్సు రాసిన ఫ్లాష్‌బ్యాక్‌లో: నిజంగా అతన్ని చేసుకుంటున్నావా. చూడండి, ప్రశ్న రాయ్ గురించి! దానికి అవునని తలూపడం ఆమెకి సులువు, నెలలుగా అందరికీ అదే చెప్తోంది కాబట్టి.

సంవత్సరం తర్వాత, 2007 మే 17, సీజన్ 3 ఆఖరి ఎపిసోడ్ ద జాబ్. న్యూయార్క్ ఇంటర్వ్యూ వదిలేసి వచ్చి, ప్యామ్ కెమెరాకి మాట్లాడుతున్న గది తలుపు తీసి, ఈ రాత్రి భోజనానికి ఖాళీయేనా అంటాడు. ఆమె సరే అంటుంది. ప్రేమ అన్న మాట లేదు, ముద్దు లేదు. అవును, కాదు అని చెప్పడానికి వీలైన ప్రశ్న మాత్రం ఉంది. రెండు సీజన్ ముగింపుల మధ్య తేడా నాకు ఇదే కనిపిస్తుంది.

కాకినాడ_కాజా
బాగా పట్టారు గానీ, ద జాబ్‌లో పనికొచ్చింది ప్రశ్న ఒక్కటే కాదు. అప్పటికి ప్యామ్‌కి పెళ్ళి లేదు, రాయ్ లేడు. బీచ్ గేమ్స్ ఎపిసోడ్‌లో నిప్పుల మీద నడిచొచ్చి, నీ వల్లే పెళ్ళి ఆపుకున్నానని అందరి ఎదుటా జిమ్‌తో చెప్పేసింది. దారి ఊడ్చి పెట్టాక ఎవడైనా ప్రశ్న అడుగుతాడు. 2006 మేలో ఇదే ప్రశ్న వేసినా ఆమె కుదరదనే అనేది.

బెజవాడ_ప్రశ్నార్థకం
@కాకినాడ_కాజా అనుండొచ్చు. కానీ దేనికి కుదరదో తేలిపోయేది. అప్పుడు ముద్దు దగ్గర ఈ చర్చే లేదు.

రిసెప్షన్_బల్ల
బెజవాడ వారి మాటకి డండీస్ కలిపి చూస్తే ఇంకా గమ్మత్తుగా ఉంది. అక్కడ ప్యామ్ ప్రశ్న అడగబోయి మింగేసింది. ఇక్కడ ఇద్దరూ అడగలేదు. వీళ్ళ జబ్బు ఒకటే.

మండపేట_మామ
బూజ్ క్రూజ్‌ని మర్చిపోకండి. ఓడ పైన చలిలో ఇద్దరే, జిమ్ నోరు తెరవబోయి ఆగిపోయిన ఆ నిశ్శబ్దం. ఆ తర్వాత రాయ్ తాగిన మత్తులో మైకు పట్టుకుని జూన్ 10 అని ప్రకటించడం. అదే ఎపిసోడ్‌లో జిమ్‌కి ధైర్యం చెప్పింది ఎవరు? మైకేల్! నిశ్చితార్థం అంటే పెళ్ళి కాదు, అస్సలు వదలకు అంటాడు. మొత్తం షోలో మైకేల్ ఇచ్చిన అతి తక్కువ పనికొచ్చే సలహాల్లో అదొకటి. క్యాసినో నైట్‌లో జిమ్ చేసింది ఆ సలహా అమలు.

జెల్లో_స్టేప్లర్
మైకేల్ సలహా పాటించి ఊరు మారినవాడు జిమ్ ఒక్కడే.

హేమంత_గాలి
ఆ మైకేలే ఆ రాత్రి ఇద్దరు ఆడవాళ్ళని ఒకే పార్టీకి పిలిచి కూర్చున్నాడు, క్యారల్‌ని, జ్యాన్‌ని. కింద గోడౌన్లో ఒకడు ఇద్దరి మధ్య, పైన ఒకతె ఇద్దరి మధ్య. కామెడీ ట్రాకూ ప్రేమ ట్రాకూ ఒకటే లెక్క. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

పులిహోర_పొట్లం
మళ్ళీ చూడాలంటే ఏ వరసలో చూడాలి? 22 ఎపిసోడ్లూ ఒక్క రాత్రిలో అవ్వవు.

రిసెప్షన్_బల్ల
@పులిహోర_పొట్లం ద డండీస్ చివరి పార్కింగ్ ముక్కతో మొదలుపెట్టండి. వెంటనే సెక్సువల్ హెరాస్‌మెంట్‌లో తల్లి వచ్చే చోటు. క్రిస్మస్ పార్టీ ఎపిసోడ్‌లో జిమ్ ప్యామ్‌కిచ్చిన టీపాట్, అందులోంచి తను రాసిన ఉత్తరం వెనక్కి తీసుకోవడం. తర్వాత బూజ్ క్రూజ్ మొత్తం చూడండి, కత్తిరించొద్దు. ద సీక్రెట్ కూడా, అందులో జిమ్ తనకి ఒకప్పుడు ఇష్టం ఉండేదని, ఇప్పుడు లేదని ప్యామ్‌కి అబద్ధం చెప్తాడు. అది లేకపోతే పార్కింగ్‌లో ప్యామ్ ఎందుకంత బిత్తరపోయిందో అర్థం కాదు. ఇప్పుడు లేదని మనిషి నోటితో విన్నాక ఆమె నమ్మింది మరి.

అప్పుడు క్యాసినో నైట్. మామూలు ఎపిసోడ్ల కంటే పొడుగు, 28 నిమిషాల దాకా ఉంటుంది. పార్కింగ్ మొదలయ్యాక ఆపకండి. ఆఖరున సీజన్ 3 మొదటి ఎపిసోడ్‌లో ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటీ చూస్తే సరి. మధ్యలో ఎక్కడైనా విరామం తీసుకోండి గానీ ఫోన్‌కీ ముద్దుకీ మధ్య మాత్రం వద్దు.

ఒక జాగ్రత్త. పార్కింగ్ సీన్ మొదట్లో ప్యామ్ సరదాగా ఉంటుంది, ఇంకా డబ్బు పోగొట్టుకుంటావా, పద లోపలికి, అంటుంది. పేకాటలో జిమ్‌ని ఓడించిన ఉషారు అది. చాలామంది క్లిప్పుల్లో ఈ ముక్క కోసేసి నేరుగా ప్రేమ మాట దగ్గర మొదలెడతారు. అది పోతే ఆ మొహం మారడం పోతుంది, సీన్ సగం పోయినట్టే.

తెర_వెనక_తీగ
క్లిప్పుల గురించి నూటికి నూరు. కొందరైతే ముద్దు వెనక పాట కూడా అతికిస్తారు. ఇంకేముంది.

ఓరుగల్లు_పోరడు
టీపాట్ ఉత్తరం తొమ్మిదో సీజన్ దాక ఇయ్యలే గద ఆయన. గా ఒక్క కాయితం అప్పుడే ఇచ్చుంటే గీ పార్కింగ్ గోసే లేకుండె.

కాకినాడ_కాజా
ఇచ్చుంటే సీజన్ 3 కూడా ఉండేది కాదు. 2006 మే నుంచి సెప్టెంబరు దాకా 133 రోజులు అమెరికా జనం ఆ సగం మాట పట్టుకుని కూర్చున్నారంటే వ్యాపారం అక్కడుంది.

నీలాంబరి_టీవీ
అన్నీ చదివాక కూడా నా మాట మీదే ఉన్నా. ఇంకో సాక్ష్యం పట్టుకొచ్చాను, అది ప్యామ్ స్వయంగా చెప్పింది. ద జాబ్‌లో జిమ్ తలుపు తీసే ముందు కెమెరాతో ఏమంటుంది? మాకెప్పుడూ టైమ్ కుదరలేదు, నేను అతన్ని కాదన్నాను, తర్వాత అతనూ నన్ను అలాగే కాదన్నాడు అని. ఏడాది తర్వాత కూడా ఆమె జ్ఞాపకంలో ఆ రాత్రి అంటే తను కాదన్న రాత్రే. ముద్దు పెట్టిన రాత్రి అనలేదు. "జిమ్, చూడు" తర్వాత రాబోయింది కాదనడమే.

మండపేట_మామ
ఆ మాట ఫ్లాష్‌బ్యాక్‌లో తలూపిన దాన్ని కూడా కలుపుకుని చెప్పిందండీ. ముద్దుకి ముందు చెప్పబోయిన సగం మాటకి అది సాక్ష్యం ఎలా అవుతుంది? అసలు ముద్దు లేకపోతే "జిమ్, చూడు, నేనూ..." అని పోయేదేమో.

నీలాంబరి_టీవీ
"నేనూ" చెప్పేవాళ్ళు "చూడు" తో మొదలుపెట్టరు మామయ్యా. "చూడు" తర్వాత ఎప్పుడూ చెడ్డ వార్తే.

స్టామ్‌ఫర్డ్_బస్సు
అమ్మతో ఆ మాట అన్నాక కూడా?

నీలాంబరి_టీవీ
అమ్మతో అన్నాకే! తనకి ఇష్టమని తనకే తెలిసిపోయింది కాబట్టి ఇక అతనికి దూరం జరగాలి. ప్యామ్ లెక్క అలాగే ఉంటుంది. తెలియనంతకాలం పక్కన కూర్చుని నవ్వుకోవచ్చు, తెలిశాక కూర్చోలేదు.

రిసెప్షన్_బల్ల
ఇది మాత్రం నేను ఆలోచించలేదు. ఫోన్లో ప్రేమ ఒప్పుకోవడం, ఆ సగం మాటలో కాదనడం రెండూ ఒకేసారి నిలబడతాయి ఇలా చూస్తే. ఓరుగల్లు తమ్ముడి ప్రశ్న మార్చే పనీ లేదు.

ఓరుగల్లు_పోరడు
నేను మార్చలే అక్కా, ఒక చాయిస్ పెట్టిన.

హేమంత_గాలి
ముద్దు ఫలితం సంగతి కూడా చెప్పుకోవాలిగా. ఆ ముద్దు సంగతి రాయ్‌కి సీజన్ 3 కాక్‌టెయిల్స్‌లో ప్యామే చెప్పింది, బారులో అద్దాలు పగిలాయి. ద నెగోషియేషన్‌లో రాయ్ ఆఫీసులోకొచ్చి జిమ్ మీద పడబోతే తోటి ఉద్యోగి డ్వైట్ పెప్పర్ స్ప్రే కొట్టాడు. జిమ్ ప్రేమకథలో జిమ్‌ని కాపాడినవాడు డ్వైట్.

జెల్లో_స్టేప్లర్
క్యాసినో నైట్ మొదట్లో ఆ డ్వైట్‌నే జిమ్ తనకి మనసుతో వస్తువులు కదిపే శక్తి ఉందని నమ్మించాడు. కోటు తగిలించే స్టాండు కదిపింది ప్యామ్, గొడుగుతో. ఆ ఎపిసోడ్‌లో ఇద్దరూ కలిసి పూర్తి చేసిన పని అదొక్కటే.

పులిహోర_పొట్లం
పెళ్ళికి బ్యాండు వెతికారన్నారు కదా. ఆ టేపుల్లో వాళ్ళ ఆఫీసులో పనిచేసే కెవిన్ బ్యాండు కూడా ఉంది, స్క్రాంటోనిసిటీ. చివరికి ఎవరి పెళ్ళిలో వాయించారు?

కాకినాడ_కాజా
@పులిహోర_పొట్లం అదే ఆఫీసులో పనిచేసే ఫిల్లిస్ పెళ్ళిలో. ప్యామ్ తన పెళ్ళికి అనుకున్నవన్నీ ఫిల్లిస్ ఎత్తేసింది, బ్యాండుతో సహా. ఆ రాత్రి ప్యామ్ మళ్ళీ రాయ్‌తో కలిసి వెళ్ళిపోయింది కూడా. వెతికిన బ్యాండు వాయించింది, వాయించాల్సిన పెళ్ళి మాత్రం అది కాదు.

తెర_వెనక_తీగ
క్యాసినోలో చివరికి గెలిచింది ఇంకో ఉద్యోగి క్రీడ్ కదా, బహుమతి చిన్న ఫ్రిజ్. దాని మీద కూడా ఎవరైనా థియరీ పెట్టండి.

జెల్లో_స్టేప్లర్
చిప్స్ కొట్టేసి గెలిచాడు. థియరీ ఐపోయింది.

హేమంత_గాలి
ఆ రాత్రి అన్యాయమైపోయింది జ్యాన్. రాత్రి ఉండటానికి బట్టల బ్యాగు కూడా సర్దుకుని వచ్చింది, కారు వెనక సీట్లో కనిపిస్తుంది. మైకేల్ పక్కన క్యారల్‌ని చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడ మీద ఒక్క పోస్టు లేదు.

మోడరేటర్_గుమ్మం
జ్యాన్‌కి వేరే చర్చ తెరిచాను, అక్కడికి రండి. హేమంత గారి పోస్టు అక్కడికి మారుస్తున్నా. ఇక్కడ ప్యామ్ సగం మాట ఇంకా నడుస్తుంది.